కొత్త కెర్నల్‌లోకి నేరుగా దూకే కోడ్: రివ్యూలో అసలు చూడాల్సింది ఎక్కడుంది?

క్లుప్తంగా: నడుస్తున్న లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి ప్రోగ్రామ్) ఫర్మ్‌వేర్ (మెషీన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) దాకా వెనక్కి వెళ్లకుండా, మరో కెర్నల్‌ను మెమరీలో సిద్ధం చేసుకుని నేరుగా అందులోకి దూకే ఏర్పాటు పేరు కెఎగ్జెక్. ఇక్కడ తప్పు పాత కెర్నల్‌లో ఉంటుంది, దెబ్బ కొత్త కెర్నల్‌కు తగులుతుంది. అందుకే దీని రివ్యూలో, అంటే కోడ్‌ను కలిపే ముందు ఇతరులు చదివి చూడడంలో, ప్యాచ్‌లో (పంపిన సవరణలో) మారిన లైన్ల కంటే, పాత కెర్నల్ వెళ్లిపోతూ మెషీన్‌ను ఏ స్థితిలో వదిలిందన్నదే పెద్ద ప్రశ్న. పాత కెర్నల్ కొంత మెమరీని కొత్తదానికి అప్పగించేలా 2025లో వచ్చిన కెఎగ్జెక్ హ్యాండోవర్‌తో ఆ ప్రశ్న పరిధి ఇంకా పెరిగింది.

బెంగళూరులో క్లౌడ్, స్టోరేజీ, చిప్ కంపెనీల ఆఫీసుల్లో కెర్నల్ మీద పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మారతహళ్లి ఆంధ్రా మెస్సుల్లో భోజనాల దగ్గర కూడా డ్రైవర్ల (పరికరాలను నడిపే కోడ్) కబుర్లు వినిపించే ఊరు ఇది. అయినా ‘రీబూట్ లేకుండా కెర్నల్ మార్చేయొచ్చట’ అనే మాట వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం తీసుకుంటున్నారు. కొందరు లైవ్ ప్యాచింగ్ అనుకుంటారు. కొందరు అప్లికేషన్లు కూడా ఆగవనుకుంటారు. ఇంకొందరు ఇది ల్యాప్‌టాప్ త్వరగా ఆన్ కావడానికి చిట్కా అనుకుంటారు.

ల్యాప్‌టాప్‌లో దీనివల్ల పెద్ద లాభం లేదు. లాభమంతా పెద్ద సర్వర్లలోనే. టెరాబైట్ల మెమరీ, పదుల పీసీఐ కార్డులు (నెట్‌వర్క్, డిస్కు లాంటి పనులకు మెషీన్‌లో అమర్చే కార్డులు) ఉన్న సర్వర్‌ను మామూలుగా రీబూట్ చేస్తే ముందు ఫర్మ్‌వేర్ మెమరీని పరీక్షించి సర్దుకోవాలి, ప్రతి కార్డునూ పలకరించాలి, ఆ తర్వాతే కెర్నల్‌ను మెమరీలోకి తెచ్చే బూట్‌లోడర్ వంతు. దీనికే నిమిషాలు పడుతుంది. కెర్నల్ స్వయంగా లేవడానికి పట్టేది సెకన్లు. ఆ నిమిషాలను తప్పించడమే కెఎగ్జెక్ పని. వేల సర్వర్లను వారం వారం అప్‌డేట్ చేసే సంస్థకు ఈ తేడా ఎంత విలువైనదో విడిగా చెప్పనక్కర్లేదు.

కలగాపులగమైన మూడు పద్ధతులు

లైవ్ ప్యాచింగ్ 2015లో 4.0 వెర్షన్‌తో లినక్స్ కెర్నల్‌లోకి వచ్చింది. నడుస్తున్న కెర్నల్‌లో ఒక ఫంక్షన్‌ను పిలిచినప్పుడు, దాని బదులు సరిచేసిన ఫంక్షన్‌కు దారి మళ్లిస్తుంది. భద్రతా లోపాన్ని మూసే చిన్న సవరణలకు బాగా పనికొస్తుంది. డేటా స్ట్రక్చర్ల రూపమే మారితే మాత్రం దీనికి చాలా ఇబ్బంది. ఒక పెద్ద వెర్షన్ నుంచి మరో పెద్ద వెర్షన్‌కు దీనితో వెళ్లలేం.

సాఫ్ట్ రీబూట్ దీనికి పూర్తిగా భిన్నం. 2023లో, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ 254తో వచ్చిన ఈ పద్ధతిలో కెర్నల్ కదలదు. పైనున్న సర్వీసులు, లైబ్రరీలు మాత్రమే ఆగి మళ్లీ మొదలవుతాయి.

కెఎగ్జెక్‌లో కెర్నల్ మొత్తం మారుతుంది. దాని మీద నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. డేటాబేస్ కనెక్షన్లు తెగుతాయి, వర్చువల్ మెషీన్లు (ఒక మెషీన్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిపే మెషీన్లు) పోతాయి. తప్పేది ఫర్మ్‌వేర్ తతంగం ఒక్కటే. ఈ ఒక్క మాట స్పష్టంగా తెలిస్తే సగం అపోహలు పోతాయి. ప్రోగ్రాముల స్థితిని కూడా కొంత దాటించే ప్రయత్నం ఇటీవలిది. దాని సంగతి చివర్లో.

బెంగళూరు నుంచి వెళ్లిన భాగం

కెఎగ్జెక్‌ను మొదట రాసింది ఎరిక్ బీడర్‌మన్. 2005 ఆగస్టులో వచ్చిన 2.6.13 వెర్షన్‌తో ఇది ప్రధాన కెర్నల్‌లో చేరింది. అదే వెర్షన్‌లో దీన్ని ఆధారం చేసుకున్న కెడంప్ కూడా చేరింది. కెర్నల్ కూలిపోయినప్పుడు మెమరీని భద్రంగా డిస్కులోకి రాసి పెట్టుకునే ఏర్పాటు అది. ఆ పనిలో బెంగళూరు ఐబీఎం లినక్స్ టెక్నాలజీ సెంటర్ ఇంజినీర్ల పాత్ర పెద్దది. 2005 అటావా లినక్స్ సింపోజియంలో కెడంప్‌పై ఇచ్చిన పత్రంలో బీడర్‌మన్‌తో పాటు ఐబీఎంకు చెందిన వివేక్ గోయల్, హరిప్రసాద్ నెల్లితీర్థ పేర్లున్నాయి. ప్రపంచమంతటా డేటా సెంటర్లలో ఒక సర్వర్ కూలిన తర్వాత ‘ఎందుకు కూలింది’ అని వెతకడానికి మిగిలే ఫైలు వెనక ఈ ఊరి శ్రమ ఉంది. బెంగళూరు ఐటీ చరిత్ర చెప్పేటప్పుడు కాల్ సెంటర్ల దగ్గర, స్టార్టప్‌ల దగ్గర ఆగిపోయేవాళ్లు ఈ భాగాన్ని సాధారణంగా వదిలేస్తారు.

దూకే ముందు జరిగేది

పని రెండు దశల్లో జరుగుతుంది. మొదటిది లోడ్. కొత్త కెర్నల్, దాని ఇనిట్ ర్యామ్‌డిస్క్ (బూట్ మొదట్లో వాడే తాత్కాలిక ఫైళ్ల కట్ట), కమాండ్ లైన్ అన్నీ పాత కెర్నల్ మెమరీలో ఖాళీగా దొరికిన పేజీల్లోకి (మెమరీని విభజించిన చిన్న ముక్కల్లోకి) చేరతాయి. అవి చివరికి ఉండాల్సిన చోట అప్పటికింకా పాత కెర్నల్ పేజీలే ఉండవచ్చు. అందుకని ‘ఈ పేజీని అక్కడికి, ఆ పేజీని ఇక్కడికి’ అనే పట్టిక మాత్రం తయారవుతుంది. ఈ దశలో మెషీన్ మామూలుగానే నడుస్తుంటుంది. లోడ్‌కూ దూకడానికీ మధ్య గంటలు గడవచ్చు.

రెండో దశ మొదలయ్యాక వెనక్కి రావడం లేదు. పరికరాలన్నింటినీ ఆపమని డ్రైవర్లకు కబురు వెళ్తుంది. ఒక్క సీపీయూ తప్ప మిగతావన్నీ నిలిచిపోతాయి. ఆ మిగిలిన సీపీయూ ఒక చిన్న అసెంబ్లీ (ప్రాసెసర్ ఆదేశాలనే నేరుగా రాసే భాష) ముక్కలోకి వెళ్లి, పట్టిక ప్రకారం పేజీలను వాటి అసలు చోట్లకు కాపీ చేస్తుంది. ఆ క్రమంలో పాత కెర్నల్ మీదే కొత్తది రాయబడవచ్చు. చివరికి పర్గేటరీ అనే మరో చిన్న ముక్క, తెచ్చిన కెర్నల్ పాడవలేదని, డేటా మారితే పట్టించే ఎస్‌హెచ్‌ఏ-256 లెక్కతో సరిచూసుకుని కొత్త కెర్నల్ మొదటి ఆదేశానికి వెళ్తుంది.

రివ్యూ చేసేవాళ్లకు చుక్కలు చూపించే భాగం ఈ చివరి కొద్ది క్షణాలు. అక్కడ కన్సోల్ ఉండదు, లాగ్ ఉండదు. ఎక్స్86లో (ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ల రకం) పొరపాటున ఒక ఫాల్ట్ వస్తే పట్టుకునేవాళ్లు లేక మెషీన్ మొత్తం రీసెట్ అవుతుంది. పర్గేటరీలో లెక్క తప్పితే అది ఏ సందేశమూ ఇవ్వకుండా అంతులేని లూప్‌లో తిరుగుతూ ఉండిపోతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు కనిపించేది ఒకటే: సర్వర్ వెళ్లింది, తిరిగి రాలేదు. ఇలాంటి చోట ‘ముందు కలుపుదాం, తేడా వస్తే డీబగ్ చేద్దాం’ అనే ధోరణి పనికిరాదు. డీబగ్ చేయడానికి ఏమీ మిగలదు కాబట్టే రివ్యూ అంత నిదానంగా సాగుతుంది. మూడు లైన్ల ప్యాచ్‌కు వారాలు పడుతోందని కొత్తవాళ్లు విసుక్కోవడం మామూలే. మూడు లైన్లు చదవడానికి కాదు ఆ సమయం, ఆ మూడు లైన్ల తర్వాత మెషీన్ ఎలా ఉంటుందో ఊహించడానికి.

ఆగకుండా రాసే పరికరాలు

నెట్‌వర్క్ కార్డు, ఎన్‌వీఎంఈ డిస్కు లాంటివి సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో రాయగలవు. దీన్నే డీఎంఏ అంటారు. పాత కెర్నల్ నెట్‌వర్క్ కార్డుకు ‘వచ్చిన ప్యాకెట్లను ఈ చిరునామాలో పెట్టు’ అని చెప్పి ఉంటుంది. కార్డును ఆపకుండా కెర్నల్ మారిపోతే కార్డుకు ఆ సంగతి తెలియదు. ఫ్లాట్ ఖాళీ చేసి వెళ్లినవాళ్లు పాలబ్బాయికి చెప్పకపోతే, కొత్తగా దిగినవాళ్ల గుమ్మం ముందు రోజూ తెల్లారేసరికి నందిని ప్యాకెట్ పడుతూనే ఉంటుంది కదా, అలాగే కార్డు తన పని తాను చేసుకుపోతుంది. ఇక్కడ ఆ గుమ్మం స్థానంలో కొత్త కెర్నల్ పేజ్ టేబులో (మెమరీ చిరునామాల పట్టిక), ఫైల్ సిస్టమ్ క్యాషో ఉంటుంది. ఒక బ్రాడ్‌కాస్ట్ ప్యాకెట్ వచ్చి దాని మీద పడితే, పది నిమిషాల తర్వాత ఏ సంబంధమూ లేని చోట కెర్నల్ కూలుతుంది.

దీనికి మొదటి రక్ష డ్రైవర్‌లోని షట్‌డౌన్ ఫంక్షన్. ఇబ్బంది ఏమిటంటే అది తప్పనిసరి కాదు. డ్రైవర్‌ను మాడ్యూల్‌గా ఎక్కించి దింపడం అందరూ పరీక్షిస్తారు, అప్పుడు నడిచేది రిమూవ్ ఫంక్షన్. షట్‌డౌన్ మాత్రం రీబూట్, పవర్ ఆఫ్ లాంటి సమయాల్లోనే నడుస్తుంది. మామూలు రీబూట్‌లో ఎలాగూ ఫర్మ్‌వేర్ అన్నింటినీ రీసెట్ చేస్తుంది కాబట్టి అందులో లోటు ఉన్నా బయటపడదు. సంవత్సరాలుగా బాగా నడిచిన డ్రైవర్ కెఎగ్జెక్‌లో మాత్రం ఎదురుతిరగడానికి ఇదే ప్రధాన కారణం.

డ్రైవర్లను నమ్ముకుంటే చాలదని తెలిసి పీసీఐ కోడ్‌లో ఇంకో రక్ష పెట్టారు. కెఎగ్జెక్ జరుగుతోందని తెలిస్తే ప్రతి పరికరానికీ బస్ మాస్టర్ అనే బిట్‌ను తీసేస్తుంది. దాంతో పరికరం మెమరీలో రాసే అధికారం కోల్పోతుంది. పూర్తిగా కరెంటు తీసేసిన స్థితిలో ఉన్న పరికరాన్ని మాత్రం ముట్టుకోకూడదన్న షరతు కూడా అక్కడే ఉంది. అలాంటి షరతు ఒక్కటి జారిపోతే సవరణే కొత్త సమస్య అవుతుంది.

ఆపడానికే వీల్లేని పరికరాలు కూడా ఉన్నాయి. ఆర్మ్ సర్వర్లలో ఇంటరప్టులను (పరికరాలు సీపీయూను పిలిచే సంకేతాలను) చూసే జీఐసీ వెర్షన్ 3 దీనికి ఉదాహరణ. అందులో ఎల్‌పీఐ అనే రకం ఇంటరప్టులను ఒకసారి ఆన్ చేస్తే చాలా చిప్‌లలో తిరిగి ఆఫ్ చేయడం కుదరదు. వాటిలో ఇంకా తీరనివాటిని గుర్తుపెట్టే పెండింగ్ టేబుల్ మామూలు ర్యామ్‌లోనే ఉంటుంది, హార్డ్‌వేర్ అందులో రాస్తూనే ఉంటుంది. కొత్త కెర్నల్ ఆ పేజీలు ఖాళీ అనుకుని వాడుకుంటే అంతే సంగతులు. 2018లో దీనికి పరిష్కారం వచ్చింది. పాత కెర్నల్ ఆ పేజీల చిరునామాలను ఒక ఈఎఫ్ఐ (ఫర్మ్‌వేర్‌కూ కెర్నల్‌కూ మధ్య ఉండే ఒప్పందం) టేబుల్‌లో రాసి పెడుతుంది, కొత్త కెర్నల్ లేవగానే ఆ టేబుల్ చదివి వాటి జోలికి పోకుండా ఉంటుంది. పాత కెర్నల్ కొత్తదానికి ‘ఇది నీది కాదు’ అని రాతపూర్వకంగా చెప్పడం అప్పుడే అవసరమైంది.

ఫర్మ్‌వేర్‌తో పేచీ

యూఈఎఫ్ఐ (క్లుప్తంగా ఈఎఫ్ఐ) ఫర్మ్‌వేర్‌లో కెర్నల్ నడుస్తున్నప్పుడు కూడా వాడుకునే సర్వీసులు ఉంటాయి. వాటిని ఏ వర్చువల్ చిరునామాల్లో పెట్టుకున్నదీ కెర్నల్ ఒక పిలుపుతో ఫర్మ్‌వేర్‌కు చెప్పాలి. ఆ పిలుపును ఒక్కసారే చేయగలం. మొదటి కెర్నల్ చెప్పేసి వెళ్లిపోతే రెండో కెర్నల్‌కు తన ఇష్టం చెప్పే అవకాశం లేదు. అందుకే ఎక్స్86లో ఈ చిరునామాలను స్థిరమైన చోట ఉంచి, వాటి వివరాలను కెఎగ్జెక్ ద్వారా రెండో కెర్నల్‌కు అందించే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు ఎవరైనా ఈఎఫ్ఐ మెమరీ మ్యాపింగ్‌ను ‘కాస్త శుభ్రం చేద్దాం’ అని ప్యాచ్ తెస్తే, అందులో కెఎగ్జెక్ అన్న మాటే కనిపించకపోవచ్చు. అయినా అది కెఎగ్జెక్ ప్యాచే.

2024లో బయటపడిన ఒక లోపం కూడా ఈ కోవలోదే. బూట్ సమయంలో టీపీఎం అనే భద్రతా చిప్‌లోకి వెళ్లిన కొలతల (ఏ కోడ్ నడిచిందో చెప్పే గుర్తుల) చిట్టాను ఈఎఫ్ఐ దశలోని కోడ్ ఒక మెమరీ ముక్కలో దాచిపెడుతుంది. ఆ ముక్కను మొదటి కెర్నల్ ముట్టుకోదు, ఎందుకంటే అది దాని చిరునామాను తెలుసుకుని పక్కన పెడుతుంది. కానీ కెఎగ్జెక్ చూసే మెమరీ పటంలో అది మామూలు ఖాళీ ర్యామ్‌గానే కనిపించేది. కొత్త కెర్నల్‌ను కొన్నిసార్లు సరిగ్గా దాని మీదికే తెచ్చి పెట్టేవారు. చిట్టా చెరిగిపోయేది. ఆ ముక్కను ఏసీపీఐ (ఫర్మ్‌వేర్ ఇచ్చే హార్డ్‌వేర్ వివరాల పట్టికలు) కోసం పక్కన పెట్టే రకంగా కేటాయించడంతో మెమరీ పటంలోనే అది రిజర్వ్‌గా కనపడి సమస్య తీరింది. మొదటి కెర్నల్‌లో తప్పు లేదు, రెండోదానిలోనూ లేదు. రెండూ చూసే పటాల మధ్య తేడాలో ఉంది తప్పు.

ఒక సీపీయూను ఆపడంలో ఎన్ని చిక్కులు

మిగతా సీపీయూలను ఆపడం వినడానికి తేలిక. ఏఎండీ ప్రాసెసర్లలో మెమరీ ఎన్‌క్రిప్షన్ వచ్చాక 2017లో ఒక జాగ్రత్త చేర్చారు. ఒకే మెమరీని పాత కెర్నల్ ఎన్‌క్రిప్షన్‌తో, కొత్తది లేకుండా చూస్తే, క్యాష్‌లో (సీపీయూ దగ్గరుండే చిన్న, వేగమైన మెమరీలో) మిగిలిన పాత లైన్లు ఆలస్యంగా మెమరీలోకి దిగి కొత్త డేటాను చెడగొట్టవచ్చు. కాబట్టి ఆగే ముందు ప్రతి సీపీయూ తన క్యాష్ మొత్తాన్ని మెమరీలోకి రాసి ఖాళీ చేయాలి. ఆలోచన సరైనదే, రివ్యూ కూడా దాటింది.

2023లో కొన్ని మెషీన్లు పవర్ ఆఫ్ చేసేటప్పుడు అప్పుడప్పుడు బిగుసుకుపోతున్నాయని తేలింది. వెతికితే రెండు సంగతులు కలిసి కనిపించాయి. ఒకటి, ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రాసెసర్‌ను అడిగే ప్రశ్న. ఆ ప్రశ్నే తెలియని ఏఎండీ చిప్ సున్నా ఇస్తుంది. ఇంటెల్ చిప్ మాత్రం తనకు తెలిసిన చివరి ప్రశ్నకు జవాబును తెచ్చి ఇస్తుంది. అందువల్ల ఇంటెల్ మెషీన్లలో ‘అవును’ వస్తుందా ‘కాదు’ వస్తుందా అన్నది అదృష్టమే. రెండోది, సీపీయూ తాను ఆగిపోయానని ముందే గుర్తు పెట్టి, ఆ తర్వాత క్యాష్ ఖాళీ చేయడం మొదలుపెట్టేది. అందరూ ఆగిపోయారనుకుని ప్రధాన సీపీయూ ముందుకు వెళ్లేది, అప్పటికి కొన్ని సీపీయూలు ఇంకా క్యాష్ పనిలోనే ఉండేవి.

మొదటి ప్యాచ్‌ను ఆ రోజు చదివినవాళ్లు పట్టుకోలేకపోయారని తప్పుపట్టడం సులువు. ఆ ఫంక్షన్‌లో ఏ లైనూ విడిగా చూస్తే తప్పుగా లేదు. ‘ఆగాను’ అనే గుర్తుకు, నిజంగా ఆగడానికి మధ్య మరో పని చేరితే ఏమవుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న. ఆ గుర్తు కోసం ఎదురుచూసే కోడ్ వేరే ఫంక్షన్‌లో, ప్యాచ్ చూపించని చోట ఉంది.

కూలిన కెర్నల్‌లోంచి దూకడం

కెడంప్‌లో నియమాలు తిరగబడతాయి. మామూలు కెఎగ్జెక్‌లో పరికరాలను మర్యాదగా ఆపాలి. కూలిన కెర్నల్‌లో ఆ మర్యాద కుదరదు, ఏ డ్రైవర్ డేటా చెడిపోయిందో తెలియదు కాబట్టి షట్‌డౌన్ ఫంక్షన్లను పిలవరు. పరికరాలు రాస్తూనే ఉంటాయి. దీనికి కనిపెట్టిన ఉపాయం చాలా సరళం: బూట్ సమయంలోనే క్రాష్‌కెర్నల్ అనే ఆప్షన్‌తో కొంత మెమరీ విడిగా ఉంచి, దాన్ని ఏ డ్రైవర్‌కూ ఇవ్వకపోవడం. రెండో కెర్నల్ ఆ ముక్కలోనే బతుకుతుంది. ఆగని డీఎంఏ పాత మెమరీలోనే పడుతుంది. ఐఓఎంఎంయూ (పరికరాలు వాడే మెమరీ చిరునామాలను అనువదించే హార్డ్‌వేర్) ఉన్న ఇంటెల్ సర్వర్లలో కొత్త కెర్నల్ పాత అనువాద పట్టికలను కాపీ చేసుకుని, డ్రైవర్లు పరికరాలను మళ్లీ అదుపులోకి తెచ్చుకునేదాకా ఆ రాతలను పాత దారినే పోనిస్తుంది.

ఈ దారిలో ఉన్న కోడ్‌ను రివ్యూ చేసేటప్పుడు మొదట వెతికేది లాక్‌లను (ఒకే డేటాను ఇద్దరు ఒకేసారి మార్చకుండా వేసే తాళాలను). లాక్ పట్టుకున్న సీపీయూ ఎప్పుడో ఆగిపోయి ఉండవచ్చు, దాని కోసం ఎదురుచూస్తే ఎదురుచూపే మిగులుతుంది. పైగా క్రాష్ ఎన్‌ఎంఐలో (సీపీయూ వాయిదా వేయలేని ఇంటరప్టులో) కూడా జరగవచ్చు. 2022లో క్రాష్ దారిలో ఉన్న మ్యూటెక్స్ అనే లాక్‌ను తీసేసి సాదా అటామిక్ (మధ్యలో తెగకుండా ఒకేసారి మారే) గుర్తు పెట్టింది ఇందుకే. మెమరీ కేటాయింపు, పెద్ద ప్రింట్ సందేశాలు, ఇంకో సీపీయూ నుంచి జవాబు ఆశించే ఏ పని అయినా ఇక్కడ అనుమానించాల్సిందే. అలాగే రిజర్వ్ చేసిన మెమరీ ఎంత అన్నది కూడా చిక్కే. ఎక్కువ పెడితే రోజూ వృథా, తక్కువ పెడితే అవసరమైన రోజున రెండో కెర్నల్‌కే మెమరీ చాలక డంప్ రాదు. కొత్త డ్రైవర్ ఒకటి లేవగానే పెద్ద బఫర్లు తీసుకుంటే ఎన్నో సంస్థల్లో ఆ సంగతి మరుసటి క్రాష్ దాకా ఎవరికీ తెలియదు.

సంతకం, చిట్టా

నడుస్తున్న కెర్నల్ బదులు మరొకటి ఎక్కించే అధికారం ఉంటే, సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే సెక్యూర్ బూట్‌ను పక్కదారి పట్టించవచ్చని 2013లోనే చర్చ వచ్చింది. మొదటి కెఎగ్జెక్ సిస్టమ్ కాల్‌లో (ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే పిలుపులో) మెమరీ ముక్కలను యూజర్ ప్రోగ్రామే తయారు చేసి ఇచ్చేది, కెర్నల్‌కు సంతకం సరిచూసే వీలు లేదు. 2014లో 3.17తో వచ్చిన రెండో కాల్ ఫైల్‌నే తీసుకుని, కెర్నల్ తానే సంతకం చూసేలా చేసింది. 2019లో 5.4తో వచ్చిన లాక్‌డౌన్ (నడుస్తున్న కెర్నల్‌ను మార్చగల దారులను మూసే ఏర్పాటు) అమల్లో ఉంటే పాత కాల్ పనిచేయదు.

ఇక్కడి సూక్ష్మం లోడ్‌కూ దూకడానికీ మధ్య గడిచే సమయంలో ఉంది. ఐఎంఏ అనే కొలతల వ్యవస్థ తన చిట్టాను రెండో కెర్నల్‌కు అందించాలి. చాలాకాలం ఆ చిట్టా కాపీని లోడ్ సమయంలోనే తీసేవారు. ఆ తర్వాత, దూకే లోపు నడిచిన ప్రోగ్రాముల కొలతలు టీపీఎంలోకి చేరేవి కానీ కాపీలోకి చేరేవి కావు. రెండూ సరిపోక, దూరం నుంచి మెషీన్ విశ్వసనీయతను పరీక్షించే సర్వర్ దాన్ని అనుమానించేది. 2025లో ఆ కాపీని దూకే క్షణానికి మార్చారు.

సవరణ ఎవరికి ఉపయోగపడుతుంది?

కెఎగ్జెక్ రివ్యూలో తరచూ జారిపోయే ప్రశ్న ఇదే. ఒక డ్రైవర్ షట్‌డౌన్ ఫంక్షన్‌లో లోపాన్ని ఈరోజు సరిచేశారనుకుందాం. డేటా సెంటర్‌లో ఇప్పుడు నడుస్తున్నది పాత కెర్నల్. సరిచేసిన కెర్నల్‌కు వెళ్లడానికి చేసే మొదటి కెఎగ్జెక్‌లో వెళ్లిపోయేది ఆ పాతదే, అందులో సవరణ లేదు. అంటే ఆ సవరణ పనిచేసేది దాని తర్వాతి అప్‌డేట్‌లో. అందుకే అనుభవం ఉన్న రివ్యూయర్ ‘దీన్ని తీసుకునేవైపు పెట్టలేమా’ అని అడుగుతారు. అంటే కొత్త కెర్నల్‌లో డ్రైవర్ లేవగానే, పరికరం ఏ స్థితిలో ఉన్నా నమ్మకుండా ముందు రీసెట్ చేయడం. కెడంప్ కోసం రీసెట్ డివైసెస్ అనే బూట్ ఆప్షన్ ఎప్పటినుంచో ఉంది కూడా. రెండువైపులా పెట్టడం మేలే. కాకపోతే డ్రైవర్ లేచేలోపే పడే డీఎంఏను తీసుకునేవైపు పెట్టిన సవరణ ఆపలేదు.

పరీక్షల విషయంలోనూ ఇదే జంట లెక్క. క్యూఈఎంయూలో (మెషీన్‌ను అనుకరించే ప్రోగ్రామ్‌లో) కెఎగ్జెక్ పాసైతే అసెంబ్లీ ముక్క సరిగా ఉందని తెలుస్తుంది. వర్చువల్ పరికరాలు బుద్ధిమంతులు కాబట్టి అంతకుమించి పెద్దగా తెలియదు. నిజమైన హార్డ్‌వేర్ మీద, అదీ నెట్‌వర్క్ మీద, డిస్కు మీద భారం ఉండగా చేస్తేనే విషయం బయటపడుతుంది. ఒక్కసారి దూకి చూస్తే చాలదు. మొదటి కెర్నల్ ఫర్మ్‌వేర్ నుంచి వచ్చింది, రెండోది కెఎగ్జెక్ నుంచి వచ్చింది, మూడోది తానే కెఎగ్జెక్‌తో వచ్చిన కెర్నల్ నుంచి వచ్చింది. ఈఎఫ్ఐ వివరాలను ముందుకు అందించడం మరిచిపోయే రకం తప్పులు ఆ మూడో దానిలో కనిపిస్తాయి. ఎక్స్86, ఆర్మ్64, పవర్, ఎస్390, రిస్క్-5 అనే ప్రాసెసర్ రకాల్లో ఒక్కోదానికి ఒక్కో దారి ఉంది. అన్ని ఆర్కిటెక్చర్లకూ ఉమ్మడి కోడ్‌ను మార్చే ప్యాచ్‌కు ఒక్క ఎక్స్86 టెస్ట్ ఫలితం జత చేస్తే, మిగతావాటి మెయింటైనర్లు (ఆ కోడ్‌కు బాధ్యులు) ఆమోదం ఇవ్వకుండా ఆగడం సహజం.

హ్యాండోవర్‌తో మారేది

2025 జులైలో 6.16 వెర్షన్‌తో వచ్చిన కెఎగ్జెక్ హ్యాండోవర్‌లో పాత కెర్నల్ కొన్ని మెమరీ పేజీలను చెక్కుచెదరకుండా కొత్తదానికి అప్పగిస్తుంది. ఏ పేజీలు ఉంచాలో డివైస్ ట్రీ (చెట్టులా పేర్చిన వివరాల పట్టిక) రూపంలో రాసి ఇస్తుంది. కొత్త కెర్నల్ ఆ వివరాలు చదివేలోపు తన తొలి అవసరాల మెమరీని ఎక్కడపడితే అక్కడ తీసుకుంటే ఆ పేజీలనే తొక్కేయవచ్చు. అలా జరగకుండా స్క్రాచ్ అనే ప్రాంతాన్ని ముందే వేరుచేసి, తొలి కేటాయింపులన్నీ అందులోనే జరిగేలా చూస్తారు. దీనిమీద కట్టిన లైవ్ అప్‌డేట్ ఆర్కెస్ట్రేటర్ లక్ష్యం, హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లను నడిపే) కెర్నల్ మారుతున్నంతసేపు వర్చువల్ మెషీన్ల మెమరీని అలాగే నిలిపి ఉంచి, వాటిని సెకన్ల విరామంతో కొనసాగించడం. జీపీయూ లాంటి పరికరాన్ని నేరుగా పట్టుకుని ఉన్న వర్చువల్ మెషీన్‌ను మరో సర్వర్‌కు లైవ్ మైగ్రేట్ చేయడం (ఆపకుండా తరలించడం) కష్టం. అందుకే క్లౌడ్ సంస్థలకు ఉన్నచోటే కెర్నల్ మార్చడం మీద ఇంత ఆసక్తి.

పాత సూత్రం ‘అన్నింటినీ ఆపి వెళ్లు’ అని. కొత్త సూత్రం ‘చెప్పినవి తప్ప మిగతావి ఆపి వెళ్లు’. వీఎఫ్ఐఓ (పరికరాన్ని నేరుగా అప్పగించే కెర్నల్ భాగం) ద్వారా వర్చువల్ మెషీన్‌కు ఇచ్చిన కార్డు డీఎంఏ కొనసాగాలి, పక్కనున్న కార్డుది ఆగాలి. అంతా ఒకేలా ఆపే కోడ్‌ను చదవడం కంటే, కొన్నింటిని వదిలేసే కోడ్‌ను చదవడం ఎంతో కష్టం. బస్ మాస్టర్ బిట్ తీసేసే ఆ పాత రక్షకు ఇప్పుడు మినహాయింపులు కావాలి. ఆ మినహాయింపు తప్పు పరికరానికి దక్కితే కథ మళ్లీ మొదటికే.

ఇంకో మార్పు, కెర్నల్ లోపలి డేటా రూపం ఇప్పుడు రెండు వెర్షన్ల మధ్య ఒప్పందంగా మారుతోంది. లినక్స్‌లో యూజర్ ప్రోగ్రాములతో ఒప్పందం చెడగొట్టకూడదు గానీ, కెర్నల్ లోపలి స్ట్రక్చర్లను ఎప్పుడైనా మార్చుకోవచ్చన్న స్వేచ్ఛ ఉండేది. అప్పగింతలో పాల్గొనే డేటాకు ఆ స్వేచ్ఛ పోతుంది. అందుకే ప్రతి ముక్కకూ కంపాటిబుల్ అనే గుర్తు ఉంటుంది, ఫార్మాట్ మారితే గుర్తు మారాలి, గుర్తు సరిపోకపోతే కొత్త కెర్నల్ ఆ డేటాను తీసుకోదు. ఒక స్ట్రక్చర్‌లో ఫీల్డుల వరుస మార్చే మామూలు ప్యాచ్‌లో కూడా రివ్యూయర్ ఇకమీదట ‘ఇది అప్పగింతలోకి వెళ్లే డేటానా’ అని చూడక తప్పదు.

బెంగళూరులో తమ సొంత కెర్నల్ వెర్షన్లను పోషించుకునే క్లౌడ్, స్టోరేజీ జట్లకు దీని భారం నేరుగా తగులుతుంది. ప్రధాన కెర్నల్‌లో రివ్యూ అయ్యేది ఒక వెర్షన్ నుంచి తర్వాతిదానికి వెళ్లే దారి. సంస్థల్లో జరిగేది మూడు వెర్షన్లు దాటి దూకడం, అదీ తమ సొంత ప్యాచ్‌లతో. ఆ జంటలను పరీక్షించాల్సింది ఆ జట్లే. వెనక్కి రావడం ఇంకా చిక్కు. కొత్త కెర్నల్‌లో తేడా కనిపించి పాతదానికి తిరిగి దూకాలంటే, నెలల ముందు బిల్డ్ అయిన ఆ పాత కెర్నల్ కొత్త ఫార్మాట్‌ను చదవగలగాలి. చదవలేకపోతే అప్పటిదాకా బతికున్న వర్చువల్ మెషీన్లను వదులుకుని మామూలుగా రీబూట్ చేయడమే మిగులుతుంది.